వేలిముద్రయే అంగీకారమా?

అండాశయపు క్యాన్సరు చాటున పెరుగు రోగము. కడుపుబ్బరము, ఆకలి మందగించుట మొదలగువానిని మన స్త్రీలు అజీర్ణమని తలంచి, వాము నమిలి యూరకుందురు. నిజము తెలియుసరికి వ్యాధి పొట్టయంతటను వ్యాపించియుండును. 2007లో ఆరోగ్యశ్రీ మొట్టమొదట నారంభమైన మూడు జిల్లాలలో మహబూబ్‌నగర్ ఒకటి. దానివలన శస్త్రచికిత్సకును కీమోథెరపీకిని బీదలకు దారి దొరికినది. ఆ మందులును పనిచేయని నాడు, "కొత్త మందు పరీక్షలో చేరుదువా?" యను ప్రశ్న వచ్చును. అక్షరము రాని పాలమూరు కూలిస్త్రీ దీనికేమని బదులు చెప్పగలదు?

మేము ప్రయోగములకు విరోధులము కాము. భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము సిద్ధపరచిన అమినాప్టెరిన్‌ను బోస్టను నగరమున రక్తక్యాన్సరు సోకిన పిల్లల కిచ్చినపుడు అదియు ప్రయోగమే.

"చావనున్నదానికి నియమములేల?" యని కొందరు పెద్దమనుషులు వాదింతురు. ఎంత క్రూరమైన మాట! పలుమార్లు కీమోథెరపీ పొందిన, బీఆర్‌సీఏ జన్యుదోషముగల అండాశయ రోగులకు ఒలాపరిబ్‌ను 2014లో అమెరికా ప్రభుత్వ మనుమతించెను. అట్టివారి ఆయువునకు హాని కలుగవచ్చునని తరువాతి పరీక్షలో తోచగా, 2022లో కంపెనీయే ఆ యుపయోగమును ఉపసంహరించుకొనెను. మొదటి కీమోథెరపీకి లొంగిన రోగులలో నదే మందు మేలు చేయుచున్నది. కడపటి దశలో నున్నవారికే ఎక్కువ కాపుదల కావలెనని దీనివలన తేలుచున్నది.

ఖమ్మము జిల్లాలో 2009లో ఏమి జరిగినది? పాత్ అను అమెరికా సంస్థ గర్భాశయ ముఖద్వార క్యాన్సరు టీకాను సుమారు 14,000 మంది బాలికలకు వేయించెను. 2010లో దానిని నిలిపివేసిరి. కొందరు బాలికలు మరణించిరి. ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణసంఘము పలికెను. కానిండు. తల్లిదండ్రులు చేయవలసిన సంతకములను వసతిగృహపు వార్డెనులు చేసిరే, దానికి సమాధానమేది? 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దీనినే గర్హించెను.

2019 నాటి నిబంధనలు మంచివే. రోగికి తెలిసిన భాషలో వివరింపవలెను. చదువురానివారి వేలిముద్రకు నిష్పక్షపాతియగు సాక్షి యుండవలెను. పరీక్షవలన హాని కలిగిన ఉచితవైద్యమును పరిహారమును ఈయవలెను. కాని ఇవి హైదరాబాదు కార్యాలయములలో నుండిన చాలునా? మహబూబ్‌నగర్ ప్రభుత్వాసుపత్రి గోడమీద తెలుగున, ఉర్దూన వ్రాయించుడని కోరుచున్నాము. భర్త తలయూపుట భార్య యంగీకారము కాదని కూడ అందు చేర్పవలెను.

పఠనమందిర సోదరులారా! 2009 జూన్ 15 నుండి ఔషధపరీక్షలను జాతీయపట్టికలో నమోదు చేయుట తప్పనిసరి. ఆ పట్టిక ఎవరైనను చూడవచ్చును. మీ వీథిలో నెవరినైనను పరీక్షకు పిలిచిన, వేలిముద్ర వేయకమునుపే నమోదు సంఖ్య నడిగి, పట్టిక తెరచి, ఆమెకు చదివి వినిపింపుడు.