లేని కారుకు వాయిదాలు

కారు పోవచ్చు, కారుమీది అప్పు మాత్రం పోదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా పక్కవాటా ఆయన కొత్తకారు కొంటూ, "మాస్టారూ, ఈ 'రిటర్న్ టు ఇన్వాయిస్' అనే అదనపు బీమా కట్టమంటారా?" అని అడిగారు. అమెరికాలో మోటార్ హోమ్‌లు కొనేవారు తీసుకునే 'గ్యాప్' బీమాకు ఇది దగ్గరి చుట్టం.

లెక్క చూడండి. షోరూము ధర 10 లక్షలు. పన్నూ, రిజిస్ట్రేషనూ వగైరా 2 లక్షలు. మొత్తం 12 లక్షలూ 9 శాతం వడ్డీకి ఏడేళ్ల అప్పు అనుకుందాం. ఏడాదిన్నర వాయిదాలు కట్టాక కూడా బాకీ సుమారు 10 లక్షలుంటుంది. బీమావారి లెక్కలో మాత్రం, ఏడాది దాటిన బండికి 20 శాతం తరుగు; విలువ 8 లక్షలే. కారు దొంగలపాలైనా, మరమ్మతు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటినా చేతికొచ్చేది ఆ 8 లక్షలే. తక్కిన 2 లక్షలు పిల్లల ఫీజులు కట్టే జీతంలోంచే రావాలి!

ఇదేదో ఊహ అనుకోకండి. 2020 అక్టోబరు వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు కాలనీలు మునిగాయి.

కాబట్టి బండి కొత్తదై, అప్పు ఎక్కువైతే కట్టమనే చెప్పాను. రొక్కమిచ్చి కొని, తరుగు భరించగలవారికి అంత అవసరం లేదు. మరీ పాతబండికి కంపెనీలే ఇవ్వవు. చిన్న సొట్టలకిది పనికిరాదు. బాకీ బీమా విలువకన్నా తగ్గిన ఏడు మానుకోవచ్చు. రోడ్డుపన్ను కూడా తిరిగిస్తారా, ఎన్నేళ్లవరకు ఇస్తారు అన్నవి కంపెనీకో తీరు; కాగితంమీద చూసుకున్నాకే సంతకం పెట్టండి.