వినువారు వేరు, సంతకము చేయువారు వేరు

గంటకు 100 కిలోమీటర్ల వేగమున పోవుచున్న రైలుబండి అత్యవసరపు బ్రేకు పడిన పిమ్మట సైతము ఇంచుమించు కిలోమీటరు దూరము పోయిన గాని నిలువదు. కనుక పట్టాలమీదికి వచ్చి నిలిచిన మనిషి ముఖము ఇంజను అద్దములోనుండి కనబడునంత దగ్గరకు వచ్చిన వేళకు, లోకో పైలట్‌కు చేయదగిన పని ఏదియు మిగిలియుండదు. ఆతడు హారన్ మ్రోగించును, బ్రేకు వేయును, అంతటితో ఆతని చేతిలోనున్నది తీరిపోవును. బండి ఆగిన పిదప సిబ్బందిలో ఒకరు క్రిందికి దిగి వెనుకకు నడచి చూచివచ్చుటయు, తరువాతి స్టేషనులో మాస్టరుకు మెమో వ్రాసి యిచ్చుటయు, వెనుక బండ్లు నిలిచిపోవుచున్నవన్న తొందరలో ఆ చేతులతోనే ఆ బండినే మరల నడిపించుకొని పోవుటయు మన దేశమున తరచుగా జరుగుచున్న సంగతులు. ఏటా వేలమంది రైలు పట్టాలపై మరణించుచున్న ఈ దేశమున, ఇంజనుమీద జీవితమంతయు గడపి అట్టి దృశ్యమును ఒక్కమారైనను చూడక రిటైరైన వారు అరుదు. మరణించినవారిని గూర్చి పోలీసులు విచారింతురు; బండి ఎన్ని నిమిషములు ఆలస్యమైనదో కంట్రోలు ఆఫీసువారు లెక్క వ్రాసికొందురు; బండి నడిపినవాడు ఆ రాత్రి నిద్రపోయెనా యని అడుగు బాధ్యత మాత్రము ఆతని భార్యకో తల్లికో మిగిలిపోవుచున్నది.

అట్లని లోకో పైలట్ ఆరోగ్యమును రైల్వేశాఖ ఉపేక్షించుచున్నదనుట న్యాయము కాదు. ఉద్యోగమునకు ఎన్నుకొనునప్పుడే ఏకాగ్రతను, ప్రతిస్పందనను కొలుచు కంప్యూటరు పరీక్ష పెట్టుదురు. చూపు విషయమున మిక్కిలి కఠినమైన ఏ-1 తరగతి వైద్యపరీక్ష జరుపుదురు. 45 ఏండ్లవరకు నాలుగేండ్ల కొకమారు, 55 వరకు రెండేండ్ల కొకమారు, ఆపైన ఏటేటా ఆ పరీక్ష మరల జరుగును. సింగరేణి కార్మికునకు గనుల నిబంధనల ప్రకారము నియతకాలిక వైద్యపరీక్ష కలదు. ప్రమాదకర రసాయనములతో పనిచేయు ఫ్యాక్టరీ కార్మికులకు, భోపాల్ దుర్ఘటన తరువాత 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు చేర్చిన 41-సి సెక్షను, పన్నెండు నెలలకు మించని వ్యవధితో పరీక్షను విధించినది. రంగులను గుర్తుపట్టునా, రక్తపోటు ఎంత, ఊపిరితిత్తులు శుభ్రముగా నున్నవా అనునవి తప్పక తెలిసికొనవలసినవే. కాని ఇవన్నియు ప్రధానముగ క్యాలెండరును బట్టి జరుగు పరీక్షలు. జరిగిన సంఘటనను బట్టి జరుగునవి కావు. నిన్న రాత్రి తగిలిన దెబ్బను నాలుగేండ్ల పిమ్మట వచ్చు పరీక్ష ఎట్లు పట్టుకొనగలదు?

అమెరికాలో 2008 నాటి రైలు భద్రతాచట్టము ఆదేశింపగా, 2014లో అచ్చటి ఫెడరల్ రైల్‌రోడ్ అడ్మినిస్ట్రేషన్ ఒక నియమావళిని వెలువరించినది. పెద్ద సరకుల రైల్వేలును ప్రయాణికుల రైల్వేలును ఇట్టి సంఘటనలకొక ప్రణాళికను ముందుగనే వ్రాసి ఆమోదము పొందవలెననియు, సంఘటనలో ప్రత్యక్షముగ చిక్కుకొన్న ఉద్యోగికి ఆనాటి మిగిలిన డ్యూటీనుండి విడుదల లభింపవలెననియు, ఆతనిని తన స్వస్థానమునకు చేర్చవలెననియు, మానసిక సహాయమును, అవసరమైన సెలవును అందుబాటులో నుంచవలెననియు అందు విధించిరి. ఇందులో నాకు మిక్కిలి విలువైనదిగ తోచినది చికిత్సకన్న ముందుగ బండి దిగిపోవుటకు ఉద్యోగికి ఇచ్చిన హక్కు. దయగల అధికారి దొరికిననాడు లభించు విశ్రాంతికిని, నియమము చొప్పున లభించు విశ్రాంతికిని చాల భేదము కలదు. మొదటిదానిని నోరు తెరచి అడుగవలెను. అడుగుటకు అభిమానము అడ్డువచ్చును.

మనస్సునకు తగిలిన దెబ్బయు దెబ్బయే యని ఒప్పుకొనుటకు వైద్యలోకమునకే చాలకాలము పట్టినది. మొదటి ప్రపంచయుద్ధమున కందకములలో వణకిపోయిన సైనికుల స్థితిని 1915లో చార్లెస్ మయర్స్ అను వైద్యుడు ‘షెల్ షాక్’ అను పేర లాన్సెట్ పత్రికలో వర్ణించెను. 1980లో అమెరికన్ మనోవైద్యుల సంఘము తన వ్యాధినిర్ణయ గ్రంథమున పి.టి.ఎస్.డి. (దారుణ సంఘటన తరువాతి మానసిక వ్యాధి) అను పేర అట్టి స్థితికి స్థానమిచ్చినది. 2010లో అంతర్జాతీయ కార్మికసంస్థ దానిని వృత్తివ్యాధుల పట్టికలో చేర్చినది. మన 1923 నాటి నష్టపరిహార చట్టపు మూడవ షెడ్యూలులో సీసమువలన, పాదరసమువలన, సిలికా ధూళివలన కలుగు వ్యాధులుండెను గాని, కండ్లయెదుట తోటికార్మికుడు కాలిపోగా చూచినందువలన కలుగు వ్యాధి లేకుండెను.

అయితే ఇచట ఒక జాగ్రత్త చెప్పక తప్పదు, ఏలననగా సదుద్దేశముతో చేసిన పనియు ఒక్కొక్కమారు హాని చేయును. ప్రమాదము జరిగిన వెంటనే అందరిని ఒక గదిలో కూర్చుండబెట్టి, చూచినదంతయు ఒక్కొక్కరిచేత చెప్పించు ‘డీబ్రీఫింగ్’ పద్ధతి 1980వ దశకమున బహుళ ప్రచారము పొందినది. కాని వైద్యపరిశోధనలను కలిపి పరిశీలించు కాక్రేన్ వారి 2002 నాటి సమీక్ష, అట్లు ఒకేమారు చెప్పించుటవలన తరువాతి వ్యాధి నివారింపబడుట లేదని తేల్చినది. బ్రిటన్‌లో వైద్యమార్గదర్శకములు వెలువరించు నైస్ సంస్థయు ఆ పద్ధతి వలదనియే సలహా చెప్పుచున్నది. తొలిదినములలో మనిషికి కావలసినవి చాల సామాన్యమైనవి: ఆ స్థలమునుండి దూరముగ తీసికొనిపోవుట, త్రాగుటకు నీరు, ఇంటికి ఫోను, ఒంటరిగ విడువని ఒక తోడు, ‘నీ తప్పు కాదు’ అని విచారణకు ముందుగ చెప్పలేకపోయినను ‘ఏమి జరుగనున్నదో’ దాచక చెప్పు ఒక అధికారి. చాలమంది కొన్ని వారములలో తమంతట తామే కోలుకొందురు. ఆ దృశ్యమే మరల మరల కండ్లకు కట్టుట, ఆ చోటికి పోలేకపోవుట, చిన్న చప్పుడునకు ఉలికిపడుట, నిద్రలేమి ఒక మాసము దాటియు విడువనిచో, అప్పుడు నిపుణుని చికిత్స అవసరము, అట్టి చికిత్స కలదు. కనుక ప్రమాదము జరిగిన మూడవనాడు ఒక కౌన్సెలింగు శిబిరము పెట్టి, ఫోటోలు తీయించి, ఆ సంగతి ముగిసినదనుకొనుట సహాయము కానేరదు. నెల దినముల తరువాత మరల వచ్చి పలుకరించుట సహాయము.

మన పారిశ్రామికవాడలలో ఆ మొదటి పలుకరింపే దుర్లభము. 2020 మే 7న విశాఖపట్టణము ఆర్.ఆర్. వేంకటాపురమున స్టైరీన్ ఆవిరి వెలువడినప్పుడు, 2024 ఆగస్టు 21న అచ్యుతాపురమున 17 మంది మరణించినప్పుడు, 2025 జూన్ 30న పాశమైలారమున 40 మందికి పైగా బలియైనప్పుడు, మనము మృతుల సంఖ్యను, ఎక్స్‌గ్రేషియాను, విచారణసంఘమును గూర్చి చదివితిమి, అవి చదువవలసినవే. బ్రదికి బయటపడినవారిని గూర్చి, శకలములు తొలగించినవారిని గూర్చి, శరీరములను గుర్తుపట్టుటకు పిలువబడిన తోటిపనివారిని గూర్చి ఎన్ని వాక్యములు చదివితిమి? వారిలో ఒడిశానుండి, బిహారునుండి, ఉత్తరప్రదేశమునుండి వచ్చిన కాంట్రాక్టు కార్మికులెందరో. వారి భాష ఇచటి వైద్యునకు రాదు, వారి పేరు కంపెనీ హాజరుపట్టీలో నుండదు, కాంట్రాక్టరు పట్టీలో నుండును. పని ఆగిననాడు కూలి ఆగును. యూనిట్ మరల తెరచిననాడు, లేదా ప్రక్క ఫ్యాక్టరీలో పని దొరికిననాడు, వారు పోవుదురు. వారు పనికి తగియున్నారని నిర్ణయించునది వైద్యుడు కాదు, ఆకలి.

అసలు చిక్కు ఇచటనే యున్నదని నా దృఢాభిప్రాయము. ‘ఫిట్’, ‘అన్‌ఫిట్’ అను రెండు మాటలు కార్మికుని ఇంటిలో వైద్యపదములుగ వినబడవు, జీతపు మాటలుగ వినబడును. లోకో పైలట్ బండి నడిపిన కిలోమీటర్లను బట్టి రన్నింగ్ అలవెన్సు వచ్చును. ఇంజను దిగి కూర్చున్ననాడు అది రాదు. సింగరేణి ఊళ్ళైన గోదావరిఖనిలోనో మందమర్రిలోనో తండ్రిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసెనన్న వార్త, ఆతని స్థానమున కొడుకునకు వచ్చు ఉద్యోగమునకు సంబంధించిన వార్త. ఇట్టి స్థితిలో, నాకు రాత్రులు నిద్ర పట్టుట లేదు, ఆ మలుపు రాగానే చేయి వణకుచున్నది అని, తనను ఫిట్ చేయవలసిన వైద్యునితోనే చెప్పుకొనుమనుట, అప్పు పెట్టినవానితో తన దరిద్రమును వర్ణింపుమనుట వంటిది. ఆతడు చెప్పడు. అంతా బాగున్నదనును, సంతకము చేయించుకొనును, పనికి పోవును. మూడురాత్రులు నిద్రలేని మనిషి రియాక్టరు వాల్వు దగ్గర నిలుచును.

కనుక వినువారు వేరుగను, సంతకము చేయువారు వేరుగను ఉండి తీరవలెను. బాధ చెప్పుకొనుటకు పోయిన చోట ఫిట్‌నెస్ నిర్ణయము జరుగరాదు. అచట చెప్పిన మాట ఫైలు కెక్కరాదు. సంతకము చేయు వైద్యుడు తన పరీక్ష తాను చేసికొని, యాజమాన్యమునకు ‘పనికి రావచ్చును’, ‘ఈ పరిమితులతో రావచ్చును’, ‘ఇప్పుడే వలదు’ అను మూటిలో ఒకటి మాత్రమే వ్రాయవలెను, వ్యాధిపేరు వ్రాయనక్కరలేదు. ఆ విరామకాలమున అలవెన్సులతో సహా సగటు వేతనము ఆగరాదు. ఈ చివరి షరతు లేనిచో ముందు చెప్పినవన్నియు కాగితముమీదనే నిలిచిపోవును. వేతనము పోవునని తెలిసినవాడు ఎంత రహస్యముగ నడిగినను నిజము చెప్పడు.

దొంగవేషములు వేయువారు పుట్టుకొనివత్తురని కొందరు యజమానులు భయపడుదురు. కొందరు ఉందురు, నడుమునొప్పి పేరను ఉన్నారు, దానికై ఎముకల వైద్యమును ఎవరును మూసివేయలేదు. ఇంతకన్న ఆలోచింపదగిన ఆక్షేపణ మరియొకటి కలదు: ఎక్కువకాలము దూరముగ నుంచినకొలది మనిషి ఆ చోటికి తిరిగిపోవుటకు మరింత భయపడును. అది నిజము. అందుచేతనే నేను దీర్ఘవిశ్రాంతిని కోరుట లేదు, మెట్లు మెట్లుగ తిరిగివచ్చుటను కోరుచున్నాను. మొదట సెక్షనులో తోటివారితో కలిసి నడచి చూచుట, పగటి డ్యూటీలు, లోకో ఇన్‌స్పెక్టరు ప్రక్కన కూర్చుండగా కొన్ని ట్రిప్పులు, పిమ్మట ఒంటరి బాధ్యత. ఫ్యాక్టరీలోనైనచో కొంతకాలము వేరు బ్లాకులో పని, ఆపైన తన యంత్రము. పని చాలమందికి మందు వంటిదే, అయితే మోతాదు తెలిసి యీయవలెను. ప్రమాదమున చిక్కినవారిని విచారణ ముగియువరకు నేరస్థులవలె చూచుట ఈ మందునకు పూర్తి విరోధము. విచారణ జరుగవలసినదే, కాని విచారించు అధికారి చేతిలోనే సెలవు మంజూరుకూడ పెట్టరాదు.

చట్టము పూర్తిగ మూగ కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము 20వ సెక్షను, ఉద్యోగకాలమున వైకల్యము ప్రాప్తించినవానిని ప్రభుత్వ సంస్థలు తొలగింపరాదనియు, అదే జీతముతో వేరు పోస్టు నీయవలెననియు చెప్పుచున్నది. మానసిక వ్యాధియు ఆ చట్టపు జాబితాలో కలదు. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము, శారీరక వ్యాధులతో సమముగ మానసిక వ్యాధులకును బీమా నీయవలెనని విధించినది. ఒక కేంద్రబలగపు అధికారి వ్యాజ్యమున 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు, మానసిక వైకల్యముగల ఉద్యోగిపై క్రమశిక్షణ చర్యలు పరోక్ష వివక్ష కాగలవని తీర్పు చెప్పినది. ప్రైవేటు ఫ్యాక్టరీలోని కాంట్రాక్టు కూలికి మాత్రము వీనిలో చేతికందునది స్వల్పము. 2020 నాటి వృత్తిభద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. దాని క్రింద నియమములు వ్రాయు అధికారము రాష్ట్రములకును ఉన్నది. మరణము సంభవించిన ప్రతి ప్రమాదము తరువాత, కాంట్రాక్టు వారితో సహా ప్రత్యక్షసాక్షులైన కార్మికులకు వేతనముతో కూడిన తక్షణ విడుదలను, నెలనాటి పునఃపరామర్శను, వైద్యునినుండి వేరైన సలహాదారుని ఆ నియమములలో వ్రాయవలసినదిగ ఆంధ్ర, తెలంగాణ ప్రభుత్వములను కోరుచున్నాను. కార్మికసంఘములు తమ కోర్కెల పత్రమున బోనసుతో పాటు దీనికిని ఒక పంక్తి కేటాయింపవలెను.

ఆ నియమములు వచ్చువరకు, ఇది చదువుచున్నవారి ఇంటిలో అట్టి దృశ్యము చూచి వచ్చినవారుండినచో, కేంద్రప్రభుత్వపు టెలీ మానస్ సేవ 14416 నంబరున రాత్రింబవళ్ళు ఉచితముగ, తెలుగులోనే, లభించును; అచట మాటలాడినందువలన ఉద్యోగపు ఫైలులో ఏదియు చేరదు.