గుండెల మీద కుంపటిని రగిల్చినదెవరు?

ఆడపిల్లను గుండెల మీద కుంపటి అనడం మనకు అలవాటు. ఆ మాట అన్న తల్లిదండ్రులను వైద్యవృత్తిలో ఎందరినో చూశాను. వారిలో దుర్మార్గులు అరుదు, భయస్థులే అధికం. కూతురు ఎక్కడ దారి తప్పుతుందోనని ఫోను లాక్కుంటారు, చదువు మాన్పిస్తారు, చివరకు పదహారో ఏటనే పెళ్లి చేసి ఊపిరి పీల్చుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఆ పిల్ల రక్తహీనతతో పాలిపోయి, నిండు చూలాలిగా ఆసుపత్రి మెట్లెక్కుతుంది. ఏ గతి పడుతుందోనని భయపడ్డారో ఆ గతికే ఆమెను స్వయంగా అప్పగించారు. దీనిని రక్షణ అందామా?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15–19 ఏళ్ల వయసువారిలో 12.6 శాతం మంది అప్పటికే తల్లులు లేదా గర్భవతులు. దేశ సగటు 6.8 శాతమే. 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. సినిమాలు, సెల్‌ఫోన్లు పిల్లలను చెడగొడుతున్నాయని వాపోయేవారు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మన రాష్ట్రంలో కౌమార మాతృత్వం ప్రధానంగా మనం పందిరి వేసి, శుభలేఖలు పంచి తెచ్చుకున్నదే. పేదరికమూ, ఊరికి దూరంగా ఉన్న కళాశాలా ఇందులో భాగస్వాములే, కాదనను. అయితే ముహూర్తం పెట్టించేది మాత్రం ఇంటి పెద్దలే.

అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డయానా బామ్రిండ్ 1960లలో పిల్లల పెంపకంలో మూడు తీరులను గుర్తించారు. ఆజ్ఞాపించి లోబరచుకోవడం ఒకటి. ఏ హద్దూ లేకుండా వదిలివేయడం మరొకటి. హద్దు పెడుతూనే అందుకు కారణం చెప్పి, బిడ్డ మాట వినడం మూడవది. ఆత్మీయతా, హద్దులూ రెండూ ఉన్న ఇళ్లలో పెరిగిన పిల్లలు లైంగిక అనుభవానికి తొందరపడటం తక్కువని తరువాతి అధ్యయనాలు అనేకం సూచించాయి. మనలో చాలామందికి మొదటి రెండే తెలుసు: కూతురికి మొదటిది, కొడుకుకు రెండవది!

‘మా పిల్ల మీద నా కన్ను ఎప్పుడూ ఉంటుంది’ అనే తండ్రులకు ఒక మాట. స్టాటిన్, కెర్ అనే పరిశోధకులు స్వీడన్‌లో పద్నాలుగేళ్ల పిల్లలను, వారి తల్లిదండ్రులను అధ్యయనం చేసి 2000లో ఫలితాలు ప్రకటించారు. తల్లిదండ్రులకు పిల్లల గురించి తెలిసినదంతా చాలావరకు పిల్లలు తమంతట తాము చెప్పినదే. నిఘా వల్ల తెలిసినది స్వల్పం. చెబితే దెబ్బలు తప్పవని తెలిసిన పిల్ల ఏం చెబుతుంది?

ఇక మన రజస్వల వేడుకలు. వీధి మలుపులో బిడ్డ ఫొటోతో ఫ్లెక్సీ కడతాం, బంధువులందరికీ భోజనాలు పెడతాం. ఆ నెలసరి అర్థమేమిటో, గర్భం ఎలా వస్తుందో ఆ బిడ్డకు చెప్పమంటే మాత్రం సిగ్గు! ఊరందరికీ చాటిన విషయాన్ని కన్నకూతురి దగ్గర దాచడం ఏ సంప్రదాయం? చెబితే చెడిపోతారని వాదించేవారున్నారు. లైంగిక విద్య పిల్లలను ఆ దారిలో తొందరపెట్టదని అనేక దేశాల అధ్యయనాలను సమీక్షించి యునెస్కో 2009లోనే ప్రకటించింది.

మౌనానికి మూల్యం వైద్యుని గదిలో తెలుస్తుంది. నెల తప్పిన పెళ్లికాని పిల్ల కడుపు కనబడేదాకా నోరు విప్పదు. ఆ వయసు గర్భంలో రక్తపోటు, గుర్రపువాతం, నెలలు నిండని కాన్పు, తక్కువ బరువు శిశువు వంటి ప్రమాదాలు ఎక్కువ. 2021 సవరణ తరువాత మైనర్లకు 24 వారాల వరకు గర్భస్రావానికి చట్టం అనుమతిస్తుంది; అందుకు సంరక్షకుల లిఖితపూర్వక సమ్మతి కావాలి. అంటే ఆమె మొదట చెప్పవలసినది మీకే. మీతో చెప్పడానికి భయపడి ఆమె పోగొట్టుకునేవి ఆ వారాలే.

పరువు పోతుందని నాటువైద్యుల వద్దకు తీసుకుపోకండి. పోక్సో చట్టం ప్రకారం వైద్యుడు పోలీసులకు తెలియజేయవలసిందే. అయితే గర్భస్రావం కోరి వచ్చిన మైనరూ, ఆమె సంరక్షకులూ కోరితే, ఆ సమాచారంలో బాలిక పేరు, గుర్తింపు వివరాలు వెల్లడించనవసరం లేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది.