గదులు లేచాయి... నిర్వహణే గండం
కరవు మండలాల్లో హాజరును శాసిస్తున్న నీరు, నీడ, మరుగుదొడ్డి

విడపనకల్లు: కరవు సీమలో ఉన్నత పాఠశాల ఆవరణను చూడగానే పిల్లల హాజరును అంచనా వేయవచ్చు. నీటి తొట్టి, వంటగది, మరుగుదొడ్లు, ప్రహరీ, చెట్ల నీడ... వీటిలో ఏది కుంటుపడినా ఆ ప్రభావం పట్టికలో కనిపిస్తుంది. సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే ఉన్న అనంతపురం జిల్లాలో, కర్ణాటక సరిహద్దునున్న విడపనకల్లు వంటి మండలాలకు ఈ లెక్క మరింతగా వర్తిస్తుంది.

నల్లరేగడిలో నిర్మాణం

మిరప, పప్పుశనగ పండే నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు బీటలు వారుతుంది. పునాది లోతుగా లేకుంటే గోడలు నెర్రెలిస్తాయి. చినుకు పడితే ఆటస్థలం బురదమయమవుతుంది. గదుల మధ్య నడకదారి, వాననీరు పోయే కాలువ, వేప, కానుగ మొక్కలు ఇక్కడ అలంకారాలు కావు, అవసరాలు.

గంట మోగింది మొదలు

1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులో రచించిన ప్రతిజ్ఞతో బడి దినచర్య ఆరంభమవుతుంది. మధ్యాహ్నం వేళ ఆవరణకు వంటగదే కేంద్రం. కేంద్ర భోజన పథకం 8వ తరగతి వరకే వర్తిస్తుంది. 9, 10 తరగతుల వ్యయాన్ని రాష్ట్రమే భరిస్తోంది. కరవు ప్రాంతాల్లో వేసవి సెలవుల్లోనూ పిల్లలకు భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2016 మేలో ఆదేశించింది. వలస కుటుంబాల పిల్లలకు ఆ ముద్ద విలువ ఏమిటో దీన్నిబట్టే గ్రహించవచ్చు.

వంటకు, చేతులు కడగడానికి, మరుగుదొడ్లకు నీరే ఆధారం. మోటారు కాలితే అందరికన్నా ముందుగా ఇబ్బంది పడేది ఎదిగిన ఆడపిల్లలే. వారు గైర్హాజరయ్యే రోజులు పెరిగేకొద్దీ పదో తరగతికి ముందే చదువు ఆగిపోయే ముప్పు పొంచి ఉంటుంది.

సొమ్ము ఎవరిది? లెక్క ఎక్కడ?

2019 నవంబరు 14న ఒంగోలులో ప్రారంభమైన ‘నాడు-నేడు’ తొలి విడతలో రాష్ట్రవ్యాప్తంగా 15,715 పాఠశాలలను చేర్చారు. నిరంతర నీటితో మరుగుదొడ్లు, తాగునీరు, ప్రహరీ, విద్యుత్తు అందులో భాగాలు. నిర్మాణానికి ఒకసారి నిధులిస్తే సరిపోతుంది. నిర్వహణకు మాత్రం ఏటా కావాలి. ‘అమ్మఒడి’ నుంచి తొలుత రూ.1,000, 2022లో రూ.2,000 చొప్పున ఇందుకే మినహాయించారు. 2025లో ‘తల్లికి వందనం’ కింద రూ.15,000లో రూ.13,000 తల్లులకు జమచేసి, రూ.2,000 బడుల నిర్వహణకు కేటాయించారు.

అంటే నిర్వహణ ఖర్చులో తల్లుల వాటా ఉంది. విద్యాహక్కు చట్టం ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. నిధుల వినియోగాన్ని పర్యవేక్షించే బాధ్యతను చట్టం ఆ కమిటీకే అప్పగించింది. అయినా తమ బడికి ఎంత వచ్చిందో, దేనికి ఖర్చయిందో సభ్యులకు తెలియకపోతే ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది.

జమాఖర్చులను ప్రతి నెలా బడి గోడపై రాయడం, మోటారు, కుళాయిల మరమ్మతుకు ప్రధానోపాధ్యాయుడి చేతిలో కొంత సొమ్ము ఉంచడం, మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యేలోగా నీటి వసతిని తనిఖీ చేయడం... ఈ మూడింటికీ కొత్త పథకం అక్కర్లేదు. ఉన్న నిధి సకాలంలో బడికి చేరితే చాలు.