ప్రవాసులకు పోస్టల్‌ బ్యాలెట్‌ ఇవ్వాల్సిందే

విదేశాల్లో ఉంటున్న భారత పౌరుల పేర్లు ఓటరు జాబితాలో ఉండవచ్చు. ఓటు వేయాలంటే మాత్రం పోలింగ్‌ రోజున సొంతూరి పోలింగ్‌ కేంద్రానికి స్వయంగా వచ్చి, అసలు పాస్‌పోర్టు చూపించాలి. 2011 ఫిబ్రవరి 10న అమల్లోకి వచ్చిన ఈ ఏర్పాటు కాగితం మీద అందరికీ హక్కు ఇచ్చింది. ఆచరణలో అది విమాన టికెట్‌ కొనగలిగి, సెలవు దొరికినవారికే దక్కుతోంది. ఇది మారాలి. ప్రవాస ఓటర్లకు పోస్టల్‌ బ్యాలెట్‌ ఇవ్వాలి. అందుకు కావలసిన నిబంధనల సవరణను కేంద్రం ఇక వాయిదా వేయకూడదు.

ప్రజాప్రాతినిధ్య చట్టం–1950కి 2010లో 20ఏ సెక్షన్‌ చేర్చారు. అంతకుముందు చదువుకో, కొలువుకో దేశం దాటి వెళ్లి స్థిరపడినవారికి ‘ఇక్కడ నివాసం లేదు’ అన్న కారణంతో జాబితాలో చోటు ఉండేది కాదు. ఇప్పుడు 18 ఏళ్లు నిండి, వేరే దేశ పౌరసత్వం తీసుకోనివారు ఫారం–6ఏ నింపి ఓటర్లుగా చేరవచ్చు. పాస్‌పోర్టులోని భారత చిరునామా ఏ నియోజకవర్గంలో ఉంటే అక్కడే ఓటు. ఫొటో, చిరునామా, వీసా వివరాలున్న పాస్‌పోర్టు పేజీల నకళ్లు జతచేసి, ఆన్‌లైన్‌లో గానీ పోస్టులో గానీ దరఖాస్తు పంపవచ్చు. బూత్‌ స్థాయి అధికారి ఆ ఇంటికి వెళ్లి విచారించాక పేరు ప్రత్యేక విభాగంగా జాబితాలోకి ఎక్కుతుంది. వీరికి ఓటరు గుర్తింపు కార్డు ఇవ్వరు. పాత కార్డు ఉంటే తిరిగి అప్పగించాలి.

ఇంత చేసి నమోదైనవారికి దక్కిందేమిటో 2024 లోక్‌సభ ఎన్నికల లెక్కలు చెబుతాయి. దేశం మొత్తంమీద 1,19,374 మంది ప్రవాసులు ఓటర్లుగా నమోదైతే, వచ్చి ఓటేసినవారు 2,958 మంది. వారిలో 2,670 మంది ఒక్క కేరళ వారే. ఆంధ్రప్రదేశ్‌లో 7,927 మంది నమోదు కాగా, ఓటేసింది 195 మంది. నూటికి ముగ్గురైనా లేరు. విదేశాల్లోని భారత పౌరులు కోటికి పైగా ఉండగా, నమోదే లక్షా ఇరవై వేలు దాటలేదు. వేయలేని ఓటు కోసం ఎవరు మాత్రం దరఖాస్తు పెడతారు?

పరాయి దేశం నుంచి ఓటు వేయించడం సాధ్యం కాదన్న మాటకు విలువ లేదు, ఆ పని మన ఎన్నికల సంఘమే చేస్తోంది. సైనికులతోపాటు విదేశాల్లోని భారత కార్యాలయాల్లో పనిచేసే ప్రభుత్వ ఉద్యోగులను చట్టం సర్వీసు ఓటర్లుగా గుర్తిస్తోంది. 2016 నుంచి వారికి బ్యాలెట్‌ పత్రం ఆన్‌లైన్‌లో అందుతోంది. రియాద్‌లోని మన రాయబార కార్యాలయంలో గుమాస్తాకు ఈ సౌకర్యం ఉంది. అదే నగరంలో ఇటుకలు మోసే జగిత్యాల కూలీకి లేదు. ఇద్దరూ భారత పౌరులే, ఇద్దరూ ఇంటికి దూరంగా ఉన్నది పని కోసమే. ఈ తేడాకు రాజ్యాంగం 326వ అధికరణ చెప్పే వయోజన ఓటు హక్కులో ఆధారం కనిపించదు.

సర్వీసు ఓటరు తన బ్యాలెట్‌ను పిన్‌ నంబరుతో తెరిచి ముద్రించుకుంటారు. ఓటు గుర్తు పెట్టి చిన్న కవరులో అతికిస్తారు. 13ఏ ప్రకటన పత్రంపై సంతకం చేసి, అధికారితో ధ్రువీకరణ చేయించి, రెండింటినీ పెద్ద కవరులో పెట్టి రిటర్నింగ్‌ అధికారికి పోస్టు చేస్తారు. లెక్కింపు మొదలయ్యే వేళకు అది చేరాలి. అక్కడ క్యూఆర్‌ కోడ్‌ స్కాన్‌ చేసి, ప్రకటన పత్రం సరిచూశాకే లోపలి కవరు విప్పుతారు. కాబట్టి ఓటు ఎవరిదో తేలుతుంది, ఎవరికి వేశారో తేలదు. 2019లో 18,02,646 మందికి ఇలా బ్యాలెట్లు పంపితే 10,84,266 తిరిగొచ్చాయి. అంటే అరవై శాతం. వృద్ధులు, దివ్యాంగుల విషయంలోనూ 2019లో నిబంధనలు సవరించారు. 85 ఏళ్లు దాటినవారు, 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవారు ఇప్పుడు ఫారం–12డి ఇచ్చి ఇంట్లోనే ఓటేస్తున్నారు. సంకల్పం ఉన్నచోట నిబంధనలు మారాయి.

ప్రవాసుల విషయంలో లోపించింది ఆ సంకల్పమే. ప్రవాసులు సుప్రీంకోర్టు మెట్లెక్కాక, వారికి పోస్టల్‌ బ్యాలెట్‌ ఇవ్వాలన్న సిఫార్సును అంగీకరించామని 2015 జనవరిలో కేంద్రం కోర్టుకు తెలిపింది. తర్వాత దారి మళ్లి, వారి తరఫున మరొకరు ఓటు వేసే బిల్లు తెచ్చింది. 2018 ఆగస్టులో లోక్‌సభ ఆమోదించిన ఆ బిల్లు, మరుసటి ఏడాది సభ రద్దుతో మురిగిపోయింది. 2020 నవంబరులో ఎన్నికల సంఘం న్యాయశాఖకు లేఖ రాసింది. తాను సిద్ధంగా ఉన్నానని, చట్టం అక్కర్లేదని, ఎన్నికల నిర్వహణ నియమాలు–1961ని సవరిస్తే చాలని తెలిపింది. ఆ తర్వాత ఒక లోక్‌సభ ఎన్నిక, ఎన్నో శాసనసభ ఎన్నికలు జరిగిపోయాయి.

అభ్యంతరాలు లేకపోలేదు. గల్ఫ్‌ లేబర్‌ క్యాంపుల్లో పాస్‌పోర్టులు యజమానుల చేతుల్లో ఉంటాయని, ఒత్తిడి తెచ్చి ఓటు వేయిస్తారని ఒక భయం. ఆ భయం నిజమైనదే, అందుకే ధ్రువీకరణ క్యాంపులో కాకుండా మన రాయబార కార్యాలయ అధికారి ఎదుట జరగాలి. కార్మికుల కోసం ఆ కార్యాలయాలు నడిపే కాన్సులర్‌ శిబిరాలను ఇందుకు వాడుకోవచ్చు. ఆతిథ్య దేశాలు ఒప్పుకోవన్నది మరో వాదన. ఫిలిప్పీన్స్‌ 2003లో చట్టం చేసి, 2004 నుంచి గల్ఫ్‌లోని తన కార్మికుల చేత ఓటు వేయిస్తోంది. దానికి కుదిరింది మనకెందుకు కుదరదు?

గడువు చిక్కును మాత్రం ముందే విప్పాలి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో నామినేషన్ల ఉపసంహరణ ఏప్రిల్‌ 29న ముగిస్తే, లెక్కింపు జూన్‌ 4న జరిగింది. 2023లో తెలంగాణలో ఈ వ్యవధి నవంబరు 15 నుంచి డిసెంబరు 3 దాకానే. అంత తక్కువ రోజుల్లో మస్కట్‌ నుంచో డల్లాస్‌ నుంచో వచ్చే ఉత్తరాన్ని సాధారణ టపాకు వదిలేయకూడదు. రాయబార కార్యాలయాలే కవర్లను సేకరించి రాష్ట్ర ఎన్నికల ప్రధానాధికారికి చేర్చాలి. ధ్రువీకరణ నియమాలు కూడా ముందే స్పష్టంగా ఉండాలి. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో అధికారి సంతకం ఉండి, ముద్ర లేని 13ఏ పత్రాల చెల్లుబాటుపై వివాదం లెక్కింపు ముందురోజు దాకా కోర్టుల్లో నడిచింది. అధికారి మరిచిన ముద్రకు ఓటరు మూల్యం చెల్లించకూడదు.

2028 చివర్లో తెలంగాణ శాసనసభకు, 2029లో లోక్‌సభకు, ఆంధ్రప్రదేశ్‌ శాసనసభకు ఎన్నికలు రావాల్సి ఉంది. న్యాయశాఖ ఈలోగానే నియమాలు సవరించాలి. విదేశాంగ శాఖ ప్రతి కార్యాలయంలో ధ్రువీకరణ అధికారిని నియమించాలి. కువైట్‌కు వెళ్లిన కడప, కోనసీమ మహిళలు, దుబాయ్‌లోని నిజామాబాద్‌, సిరిసిల్ల కార్మికులు ఫారం–6ఏ నింపేందుకు రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ సాయపడాలి. ప్రవాసుల ఓట్లను కోరే పార్టీలు, వారు ఓటు వేసే మార్గం కోసం పార్లమెంటులో గట్టిగా నిలదీయాలి. విదేశాల నుంచి వచ్చే సొమ్మును ఆదాయంగా లెక్కించే దేశం, ఆ సొమ్ము పంపే చేతులకు బ్యాలెట్‌ అందించడాన్ని బాధ్యతగా స్వీకరించాలి.