మబ్బుల దినములలో సౌరవిద్యుత్తు పనికివచ్చునా?

మన పాఠశాల మేడమీద సౌరఫలకములు అమర్చవలెనను మాట వచ్చినప్పుడెల్లను ఒక ప్రశ్న వినవచ్చుచున్నది: "జూను మొదలు సెప్టెంబరు వరకు అంబర్‌పేట ఆకాశమున మబ్బులే గదా! అప్పుడు ఈ పలకలు దేనికి?" ఈ సంశయము పరిహసింపదగినది కాదు. తలిదండ్రులు చెల్లించు రుసుమును, దాతల కానుకలను వెచ్చించునప్పుడు ఇట్లడుగుట ధర్మము. గోపురము కట్టగోరువాడు ముందుగా వ్యయము లెక్కించుకొనవలెనని ప్రభువు ఉపమానముగా బోధించెను గదా. కావున లెక్క చూతము.

మొదట ఒక భ్రమ తొలగవలెను. ఈ ఫలకములు వేడిమిచేత గాక వెలుతురుచేత పనిచేయును. ముసురు పట్టిన శ్రావణ మధ్యాహ్నమున ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆర్ట్సు కళాశాల యెదుట నిలుచున్నవానికి పుస్తకము చదువుటకు దీపము అక్కరలేదు. సూర్యబింబము కానరాకున్నను మబ్బులగుండ చెదరివచ్చు వెలుతురు మిగిలియే యుండును. ఆ వెలుతురే ఫలకమునందలి సిలికానులో విద్యుత్తును పుట్టించును. మఱియు ఫలకము వేడెక్కినకొలది దాని శక్తి డిగ్రీ యొక్కటికి సుమారు 0.3 నుండి 0.4 శాతము వరకు తగ్గును; చల్లని గాలి దానికి మేలే. వాన దానిమీది దుమ్మును కూలి యడుగకయే కడుగును.

ఇక పరిమాణము. హైదరాబాదులో ఒక కిలోవాట్ ఫలకములు ఏడాది సరాసరిని దినమునకు సుమారు 4 యూనిట్లిచ్చును. ఎండ కాయు మార్చి, ఏప్రిలు నెలలలో ఇది పెరుగును; జూలై, ఆగస్టులలో మూడింటి చేరువకు తగ్గును. దట్టమైన ముసురునాడు ఒక యూనిటు వచ్చుటయు కష్టమే. కాని మన యొద్ద అట్టి దినములు వరుసగా అనేకము రావు. జర్మనీ దేశపు ఆకాశము మనకంటె ఎంతయో మబ్బుగలది. బెర్లిను నగరమున అదే కిలోవాట్ ఏడాదికి సుమారు వేయి యూనిట్లిచ్చునేగాని మనవలె పదునాలుగు వందలు ఇయ్యదు. అయినను 2024లో ఆ దేశపు విద్యుత్తులో దాదాపు ఏడవ వంతు సూర్యునినుండియే లభించెను.

మన రాష్ట్రమునందే సాక్ష్యము కలదు. బొగ్గు విద్యుత్తునకు పేరుగాంచిన రామగుండమున ఎన్.టి.పి.సి. సంస్థ తన జలాశయముమీద 100 మెగావాట్ల తేలియాడు సౌరకేంద్రమును 2022లో సంపూర్తి చేసెను. ఆ యూరిని కప్పునవియు ఈ నైరృతి మబ్బులే. పైగా మన వెలుతురును తగ్గించు ఋతుపవనమే కృష్ణానదిని నింపి శ్రీశైలము, నాగార్జునసాగరములయందు జలయంత్రములను త్రిప్పును. ఒకటి తగ్గినప్పుడు వేఱొకటి ఆదుకొనుచున్నది.

అయితే ఫలకములవలన సర్వమును సమకూరునని చెప్పుట అసత్యము. నిల్వచేయు బ్యాటరీలు లేనిచో అవి రాత్రివేళ వసతిగృహమునకు దీపమియ్యవు. గాలివానకు ఊరి విద్యుత్తు ఆగినప్పుడు, బ్యాటరీలేని ఏర్పాటు పగలైనను ఆగిపోవును. తీగలు బాగుచేయు పనివానికి ప్రాణాపాయము కలుగకుండుటకే అట్లు అమర్చిరి. ఈ సంగతి ముందుగా తెలియనివారు తరువాత మోసపోతిమని వగతురు. మఱియొక హెచ్చరిక: మబ్బుకంటె నీడ చెడ్డది. మబ్బు వచ్చి పోవును. ప్రక్కనున్న వేపచెట్టు గాని, తార్నాకలోవలె మీదిమీదికి లేచు మేడ గాని ప్రతిదినమును అడ్డుపడును. ఒక పలకమీద పడిన నీడ దానితో వరుసగా కలుపబడిన పలకల శక్తిని గూడ తగ్గింపవచ్చును. కిలోవాట్ ఒక్కటికి సుమారు నూరు చదరపు అడుగుల నీడలేని చోటు కావలెను.

నా అభిప్రాయమేమనగా, పాఠశాలకు ఇది మిక్కిలి తగిన ఏర్పాటు. మన పని పగటివేళనే జరుగును. వెలుతురును పగటివేళనే లభించును. వేసవి సెలవులలో మన గదులు ఖాళీగా నున్నప్పుడు పుట్టిన విద్యుత్తు నెట్ మీటరింగు పద్ధతిచేత ఊరి తీగలలోనికి పోయి మన ఖాతాకు చేరును. గృహస్థులైన తలిదండ్రులకైతే 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సూర్యఘర్ పథకము మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సహాయమును ఏర్పరచినది. ఆ సహాయము ఇండ్లకే గాని పాఠశాలలకు లేదు గనుక మనము మఱింత జాగ్రత్తగా లెక్క వేయవలెను. వానకాలపు నెలల లెక్కతోనే పరిమాణమును నిర్ణయింపవలెను.

విద్యార్థులారా, మేడమీది మీటరును ప్రతిదినము చూచి వ్రాసికొనుడు. ఒక ఏడాది వ్రాసినచో ఈ వివాదము మీ చేతి లెక్కతోనే తీరును. మబ్బులను కనిపెట్టుచు కూర్చుండిన రైతును ప్రసంగి గ్రంథము మెచ్చుకొనలేదు. లెక్క చూచుకొనుట వివేకము. లెక్క చూచిన పిమ్మటను మబ్బులకు భయపడి కూర్చుండుట వివేకము కాదు.