ఎలుక ఇంకా దొరకలేదా వదినా?

మా లిఫ్టు మూడో అంతస్తు చేరడానికి గట్టిగా పదిహేను సెకన్లు పట్టదు. ఆ కాస్త సేపట్లో మనిషిని నిలువునా తీసిపారెయ్యొచ్చని మొన్న మంగళవారం నాకు తెలిసింది. పొద్దున్నే వాకింగ్ నుంచి వస్తున్నా. జుట్టు రేగిపోయి, చున్నీ చెమటకి తడిసిపోయి, చేతిలో కొత్తిమీర కట్ట. ఎదురు ఫ్లాట్ వదినగారు పాల ప్యాకెట్లతో ఎక్కారు. చీరల కొట్లో జరీ అంచు చూసినట్టు నన్ను పాదాల నుంచి పైకి, పైనుంచి పాదాల దాకా చూశారు. నేనేమో ఎటు చూడాలో తెలీక లిఫ్టులో కొట్టిన ఇత్తడి రేకు చదువుకుంటున్నా. 6 మంది, 408 కిలోలు. అంటే తలకి 68. "మూడు నెల్లుగా చూస్తున్నా వదినా, పాపం రోజూ వెళ్తున్నారు. ఏం తేడా కనపడట్లేదేంటి?" అన్నారు. తలుపు తెరుచుకుంది. ఆవిడ వెళ్ళిపోయారు. కొత్తిమీర కట్టతో నేను మిగిలాను.

తేడా సంగతి తర్వాత, ముందు ఆ "పాపం" ఎందుకండీ? నేనేమన్నా కోర్టు చుట్టూ తిరుగుతున్నానా?

ఇంతకీ తేడా ఉంది. 800 గ్రాములు. మూడు నెల్ల కిందట 74 కిలోలు, ఇప్పుడు 73 కిలోల 200. రైతుబజార్లో 800 గ్రాముల వంకాయలు తూయించి చూడండి, సంచీ నిండుగానే కనిపిస్తుంది. అదే నా ఒంట్లోంచి పోతే ఎవరికీ కనపడదు. కవర్లో వేసి లిఫ్టులో చూపించనా?

ఇంట్లోకొచ్చి ఈ ఘోరం మా ఆయనకి చెప్పుకుంటే, పేపరు దించకుండానే, "కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుంది నీ పని" అన్నారు. వదినగారి మాట ఒక వైపు, ఈ సామెత ఒక వైపు. వారం రోజులుగా ఆ ఎలుక నా బుర్రలోనే తిరుగుతోంది.

పోనీ ఎలుక ఎంతుందో తూద్దామని కూచున్నా. మా అమ్మాయి పుట్టినరోజుకి పంపిన వాచీ ఉంది. పార్కులో గంట నడిచి వస్తే 244 క్యాలరీలు కరిగాయని చెప్పి, బాణసంచా బొమ్మ కూడా వేస్తుంది. సంబరపడిపోయేదాన్ని. తీరా చూస్తే అందులో మతలబుంది. నాలాంటి శాల్తీ కుర్చీలో ఊరికే కూచున్నా గంటకి 70 పైచిలుకు క్యాలరీలు ఖర్చవుతాయి. గుండె కొట్టుకోవాలి, ఊపిరాడాలి, ఒంట్లో వెచ్చదనం ఉండాలి, దానికయ్యే ఖర్చది. వాచీ అది కూడా నడక ఖాతాలో రాసేసింది. తీసేస్తే మిగిలేది 170. నూనె లెక్కలో చూస్తే ఒకటిన్నర పెద్ద చెంచాలు కూడా నిండా రావు. మే నెల్లో బెజవాడ ఉక్కలో గంటసేపు నడిచి నేను కరిగించింది ఆవకాయ జాడీలో పైన తేలే తేట నూనె, అంతే. కిలో కొవ్వులో సుమారు 7,700 క్యాలరీలుంటాయంటారు. రోజుకి 170 చొప్పున 45 రోజులు తవ్వితే కిలో. అదీ ఈ 45 రోజుల్లో ఒక్క మెతుకు కూడా అదనంగా లోపలికి పోకపోతే.

పోకుండా ఉంటుందా? మా పార్కు గేటు బయట పునుగుల బండి పెట్టినవాడు మామూలు తెలివైనవాడు కాదు. సామెతలో ఎలుకనైనా పట్టారు. నేను పట్టిన ఎలుకని గేటు దగ్గర అల్లం చట్నీతో సహా వదిలేసి వచ్చిన రోజులున్నాయి.

అసలు ఆ 244 అయినా నిజమేనా అంటే అదీ లేదు. 2017లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు చేతికి కట్టుకునే ఇలాంటివి ఏడు రకాలు పరీక్షించారు. గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చాలావరకు బాగానే చెప్పాయిట. క్యాలరీల దగ్గరకొచ్చేసరికి ఉన్నవాటిలో బుద్ధిమంతురాలే సగటున 27 శాతం తప్పు చెప్పింది, అన్నిటికన్నా గడుగ్గాయి 93 శాతం. మా వాచీ ఏ కోవదో నాకు తెలుసు. చపాతీ పిండి కలుపుతుంటే 180 అడుగులు నడిచానంది. గుళ్ళో భజనకి కూచుని చప్పట్లు కొడితే అర కిలోమీటరు పోయొచ్చానంది.

ఇక రోజుకి 10,000 అడుగులు. రాత్రి పదింటికి 9,400 దగ్గర ఆగిపోయిందని హాల్లో సోఫా చుట్టూ ప్రదక్షిణాలు చేశాను, మా ఆయన టీవీకి అడ్డం వస్తున్నానని విసుక్కుంటున్నా సరే. ఇంతా చేసి ఆ 10,000 ఏ డాక్టరూ పరీక్ష చేసి తేల్చిన అంకె కాదు. టోక్యో ఒలింపిక్స్ అయిన మరుసటేడు, 1965లో, జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు లెక్కపెట్టే మీటరు చేసి "మాంపో-కే" అని పేరు పెట్టి అమ్మింది. పదివేల అడుగుల మీటరని దానికర్థం. సరుకు పేరండీ అది! అరవయ్యేళ్ళ నాటి సరుకు పేరు కోసం నేను సోఫా చుట్టూ తిరిగాను.

కొండ తవ్వినవాళ్ళకి ఎలుక దొరికిందో లేదో గానీ, గునపాలమ్మినవాళ్ళకి మాత్రం మేడలు లేచాయి. మా పార్కు గేటు దగ్గరే చూడండి. కాకరకాయ రసం, బూడిదగుమ్మడి రసం, ఉసిరి రసం, గరిక రసం. ఇంకాస్త ముందుకెళ్తే "నెలకి పది కిలోలు గ్యారంటీ" అని బోర్డు. లోపల గ్లాసుడు పొడి నీళ్ళు తాగించి, గోడకున్న ఫొటోలు చూపిస్తారు. ముందు ఫొటోలో ఏడుపు మొహం, తర్వాత ఫొటోలో నవ్వు మొహం. నేనూ తక్కువ తినలేదు లెండి. నడుముకి కట్టుకుంటే గడగడా వణికి కొవ్వు కరిగిస్తుందని ఒక బెల్టు కొన్నా, నాలుగు వేలు పోసి. కొవ్వు కరగలేదు గానీ పళ్ళు కదిలాయి. ఇప్పుడది అటక మీద పాత మిక్సీ పక్కన విశ్రాంతి తీసుకుంటోంది.

విశ్రాంతి అంటే గుర్తొచ్చింది. కృష్ణ దాటితే ఉండవల్లి. అక్కడ నిజంగానే కొండను తవ్వారు. వాళ్ళకి ఎలుక దొరకలేదు, అనంతశయనుడు దొరికాడు. అంత కొండ తొలిచాక బయటపడ్డ స్వామి కూడా హాయిగా పడుకునే ఉన్నాడు గానీ వాకింగ్ చెయ్యట్లేదు. మా ఆయన ఈ పాయింటు చాలాసార్లు వాడుకున్నారు.

నవ్వుకోడానికి బానే ఉంది. కానీ ఈ సామెతని అటూ ఇటూ తిప్పి చూస్తుంటే నాకొక అనుమానం వచ్చింది. దీన్ని కట్టింది ఎవరు? తవ్వినవాడైతే కాదు. వాడికి చేతులు బొబ్బలెక్కి ఉంటాయి, సామెతలు కట్టే ఓపికెక్కడిది? గట్టు మీద కూచుని, కాలు మీద కాలేసుకుని, "ఏంటోయ్, ఎలుక ఇంకా దొరకలేదా?" అని అడిగినవాడు కట్టుంటాడు. మా వదినగారి ముత్తాత అయ్యుంటాడు.

నా సంగతి పోనీండి. మూడు నెల్ల సగటు షుగరు 7.1 ఉండేది, 6.5కి దిగింది. రాత్రిళ్ళు మధ్యలో మెలకువ రావట్లేదు. మోకాలు మెట్ల దగ్గర అరవట్లేదు. నడకకి నాకొచ్చిన జీతం అది, బరువు కాదు. లిఫ్టులో పైకీ కిందకీ చూస్తే షుగరు కనపడదు కాబట్టి ఆవిడ తప్పూ లేదనుకున్నా. మంగళవారం మాట శుక్రవారానికల్లా మర్చిపోయేదాన్నే. ఆదివారం అసోసియేషన్ మీటింగ్ లేకపోతే.

మా లిఫ్టులో ఆ ఇత్తడి రేకు కింద ఒక కాగితం అంటించి ఉంటుంది. "పనివారు మెట్లు వాడవలెను." దీని గురించి మీటింగులో అడిగాను. మా ఇంట్లో చేసే అమ్మాయి, అమ్మాయి అంటాం గానీ నలభై దాటాయి, మా అపార్ట్‌మెంటులో ఐదిళ్ళు చేస్తుంది. నాలుగంతస్తులూ రోజుకి ఎన్నిసార్లు ఎక్కి దిగుతుందో లెక్కలేదు. మనిషి నాకన్నా కాస్త లావే. ఆ కాగితం తీసేద్దామండీ అన్నాను. ఎవరూ మాట్లాడలేదు. వదినగారే అందుకున్నారు. "మెట్లెక్కితే దానికే మంచిది కదా వదినా, ఒళ్ళు తగ్గుద్ది. అంత పనిచేసే మనిషికి అంత ఒళ్ళేంటసలు? ఏం తింటుందో ఏమో!" నలుగురు నవ్వారు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటకి ఎన్ని క్యాలరీలు కరిగాయో గానీ, అంతమందిలో నోరు పెగల్లేదు. కాబట్టి ఇక్కడ చెప్తా.

ఏం తింటుందో నాకు తెలుసు. తెల్లారకముందే మూడు చెంచాల పంచదారేసిన టీ. ఆకలి చంపేది అదే. పదకొండింటికి ఎవరో ఒకరింట్లో మిగిలిన ఇడ్లీయో, రాత్రి అన్నమో. మధ్యాహ్నం రెండున్నరకి ఇంటికెళ్ళి పళ్ళెం నిండా రేషన్ బియ్యపు అన్నం, చారు, పచ్చడి. పప్పు ఉంటే ఉన్నట్టు. బియ్యం చవగ్గా దొరుకుతాయి, కందిపప్పూ పళ్ళూ దొరకవు. హైదరాబాద్ తార్నాకలో మన జాతీయ పోషకాహార సంస్థ ఉందే, వాళ్ళు రోజు తిండిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంటారు. మన దేశంలో 50 నుంచి 70 దాకా ఉంటోందనీ వాళ్ళే చెప్తారు. దాటకుండా ఉండాలంటే మిగతా పళ్ళెం దేంతో నింపాలో, దానికి డబ్బులెవరిస్తారో అదీ చెప్పాలిగా! ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవాళ్ళలో నూటికి 36 మంది ఉండాల్సిన దానికన్నా బరువున్నారని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మూడోవంతు పైచిలుకు ఆడవాళ్ళందరికీ ఒక్కసారే బద్ధకం పట్టుకుందా?

పనిచేస్తే కరగాలి కదా అంటారు. టాంజానియాలో హడ్జా అని ఒక జాతి ఉంది. వేట, తేనె, దుంపలు తవ్వుకోడం, రోజంతా కాళ్ళ మీదే ఉంటారు. హెర్మన్ పాంట్జర్ అనే ఆయన బృందం వాళ్ళు రోజుకి ఖర్చుపెట్టే క్యాలరీలు కొలిచి 2012లో ప్రకటించింది. ఒంటి సైజు లెక్కలోకి తీసుకుంటే కుర్చీల్లో కూచునే అమెరికా వాళ్ళకీ వీళ్ళకీ పెద్ద తేడా లేదు. ఒళ్ళు గడుసుది. ఒకచోట ఎక్కువ ఖర్చయితే ఇంకోచోట బిగపట్టుకుంటుందని ఆయన వాదన. అందరూ ఒప్పుకోలేదనుకోండి, కానీ మా వదినగారి తీర్పుకన్నా కొలిచి చెప్పిన మాటది.

పోనీ పంతం పట్టి తగ్గితే? అమెరికాలో బరువు తగ్గే పోటీ పెట్టి టీవీలో చూపించేవాళ్ళు. అందులో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్ష చేస్తే, వాళ్ళ ఒళ్ళు ఊరికే ఉన్నప్పుడు రోజుకి ఖర్చుపెట్టాల్సిన దానికన్నా 500 క్యాలరీలు తక్కువ ఖర్చుపెడుతోందిట. చాలామందికి పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగొచ్చేసింది. తవ్విన కొండ మళ్ళీ పూడుకుంటుంటే తవ్వేవాణ్ణి సోమరి అంటారేంటండీ? గట్టు మీద నుంచి ఏదైనా అనొచ్చు.

ఇంకో సంగతి, ఇది నా మీద నేనే వేసుకుంటున్నా. 170 క్యాలరీల కోసం గంటసేపు పార్కులో తిరిగొచ్చిన నేను మూడంతస్తులు ఎక్కలేక లిఫ్టెక్కుతున్నా. బకెట్టూ చీపురూ పట్టుకున్న మనిషి మెట్లెక్కుతోంది. మూడు నెల్లుగా ఆ కాగితం నా కళ్ళ ముందే ఉంది. నేను పైనున్న రేకు చదువుకున్నా గానీ కింద కాగితం చదవలేదు.

సోమవారం పొద్దున ఆ అమ్మాయి రాగానే నా వాచీ తీసి తన చేతికి కట్టా. మధ్యాహ్నం పని ముగించుకుని వచ్చేసరికి 13,000 దాటింది. బాణసంచా బొమ్మ వెలిగి ఆరిపోయి కూడా చాలాసేపైనట్టుంది. "ఇదేంటమ్మా?" అంది. "నువ్వెంత నడిచావో చెప్తుంది" అన్నా.

"నాకు తెలీదా అమ్మా?" అని విప్పి ఇచ్చేసింది. పట్టీ కింద చెమటకి మణికట్టు ఎర్రగా కంది ఉంది. వాచీని కొంగుతో తుడిచి మరీ ఇచ్చింది.

ఇవాళ పొద్దున పార్కు నుంచి వస్తుంటే కింద మెట్ల దగ్గర కనపడింది. "రా, లిఫ్టులో పోదాం" అన్నా. "వద్దమ్మా, అంటారు" అంది. "రమ్మన్నానా?" అని చెయ్యి పట్టుకుని ఎక్కించా. మూలకి ఒదిగి, బకెట్టు కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడింది. తలుపు మూసుకోబోతుంటే పాల ప్యాకెట్లతో వదినగారు వచ్చి, లోపలికి చూసి ఆగిపోయారు. ఆవిడ కళ్ళు కాగితం మీదికెళ్ళాయి.

తలుపుకి చెయ్యి అడ్డం పెట్టా.

"రండి వదినా, ముగ్గురం కలిపినా 408 దాటం."